ఉపగ్రహ సంధి

గత మాసమున మా పాఠశాలలో సాంఘికశాస్త్రము బోధించు మిత్రుడొకరు సెలవుపై నుండగా, వారి పదవ తరగతికి నేను పోవలసి వచ్చినది. ఆనాటి పాఠము రెండవ ప్రపంచ యుద్ధానంతరపు ఐరోపా. అందు తూర్పు ఐరోపా దేశములు సోవియట్ యూనియనుకు 'ఉపగ్రహ రాజ్యములు' అయ్యెనను మాట రాగా, ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఉపగ్రహం తనంతట తాను తిరుగుతుందా, ఎవరైనా తిప్పుతారా అండీ?" అని యడిగినది. ఆకర్షణశక్తిచేత తిరుగునని నేను ప్రకృతిశాస్త్రపు సమాధానమే చెప్పితిని. ఆమె కూర్చుండలేదు. "అయితే ఆ దేశాలు కూడా అంతేనా? పెద్దదాని తప్పూ లేదు, చిన్నదాని తప్పూ లేదా?" అనినది. గంట మ్రోగుటచే నేను బ్రతికిపోతిని. కాని ప్రశ్న నాతో ఇంటికి వచ్చినది.

ఆ బాలిక పట్టుకొన్నది ఒక ఉపమానములోని దోషమును. చంద్రుడు భూమిని చుట్టివచ్చుట ఎవరి సంకల్పమును కాదు. అందు సంతకములు లేవు, కప్పములు లేవు, సేనలు లేవు. ఒక రాజ్యము మరియొక రాజ్యమును చుట్టి తిరుగుటలో నివి యన్నియు కలవు. 'ఉపగ్రహము' అనుటతో మనుష్యులు చేసిన పని ప్రకృతిధర్మమువలె కనబడును. ఆంగ్లమునందలి 'శాటిలైటు' అను మాటకు మూలమైన లాటిను పదమునకు అంగరక్షకుడు, పెద్దవాని వెంట నడచు పరిచారకుడు అని యర్థము. గెలీలియో 1610లో కనుగొనిన గురుగ్రహపు చంద్రులకు కెప్లరు ఆ పేరు పెట్టెను. అనగా మనుష్యలోకమునందలి సేవకుని పేరు ఆకాశమునకు పోయినది. మూడు శతాబ్దుల తరువాత రాజ్యములను వర్ణించుటకు మరల నేలకు దిగినది. దిగునప్పుడు సేవకుని మరచి గ్రహగతిని మాత్రము వెంట తెచ్చుకొన్నది.

ఇంటికి వచ్చి హితోపదేశము తెరచితిని. మన తెలుగువారికి ఈ గ్రంథము కొత్తది కాదు. చిన్నయసూరి మిత్రలాభ మిత్రభేదములను నీతిచంద్రికగా 1853లో వెలయించెను. విడిచిపోయిన సంధి విగ్రహములను వీరేశలింగం పంతులుగారు తెనిగించిరి. సంస్కృత మూలమున సంధిప్రకరణము చివర, మయూరరాజు మంత్రియైన గృధ్రము పదునారు విధములైన సంధులను లెక్కించును. ఈ పట్టిక కామందకుని నీతిసారమునందును కలదు. నేను విద్యార్థి దశలో దీనిని వల్లెవేసితిని గాని అర్థమును తరచి చూడలేదు. ఈసారి చూచునప్పటికి పండ్రెండవ పేరువద్ద నా వ్రేలు ఆగిపోయినది. ఆ పేరు 'ఉపగ్రహము'. ప్రాణమును కాపాడుకొనుటకై సర్వమును ఇచ్చివేసి చేసికొను సంధికి ఆ పేరట. ఖగోళమునందలి మాటయు, నీతిశాస్త్రమునందలి మాటయు ఒక్కటే యగుట యాదృచ్ఛికము కావచ్చును. కాని ఆ బాలికకు నేను చెప్పవలసియుండిన సమాధానము ఆకాశమున లేదు, ఈ శ్లోకమున కలదని నాకు తోచినది.

ఈ పట్టికలోని గొప్పతన మేమనగా, అది సంధులకు వెలను బట్టి పేరు పెట్టును. బొక్కసములో కొంతయో, సగమో, అంతయో ఇచ్చి మిగిలినది రక్షించుకొనిన అది పరిక్రయము. సారవంతమైన భూములిచ్చిన అది ఉచ్ఛిన్నము. భూమి పేరు తనయొద్దనే యుండి, దాని ఫలమంతయు పరునికి పోయిన అది పరభూషణము. పేరే చెప్పుచున్నది, ఒకరి సొమ్ము మరియొకరి యొంటిమీద నగ యగుట. ఇంతటితో ఆగక, మైత్రితో కూడినది తప్ప తక్కినవన్నియు కప్పము యొక్క భేదములే యని కూడ ఆ మంత్రి నిర్మొగమాటముగా పలుకును. బలవంతుడు దండెత్తి వచ్చి ఏమియు పుచ్చుకొనకుండ మరలిపోడని అందుకు కారణము. మన పూర్వుల రాజనీతి దయాపూర్ణమైనదని నేననను. కాని అది తన పనికి తానే సరియైన పేరు పెట్టుకొన్నది. నేటి సంధిపత్రములు అట్లు కావు. అవి వెలను దాచి ప్రేమను ముందుంచును. కావున వానిని వాఙ్మయముగా నెంచి విమర్శింపవలసియున్నది. వ్యాకరణము నేర్చినవానికి ఇది కష్టము కాదు. దానక్రియలో కర్త యెవరు, కర్మ యేది, సంప్రదానమెవరు అని ప్రతి వాక్యమునందును అడిగిన చాలును.

ఈ పరీక్షకు హైదరాబాదు నిజాములకును ఆంగ్లేయులకును జరిగిన సంధిపత్రముల కంటె తగిన ఉదాహరణము మనకు లేదు. ఏలయనగా అందు వెలగా చెల్లింపబడినది చాలవరకు తెలుగునేలయే.

మొదటి పత్రము 1766 నవంబరు నాటిది. ఉత్తర సర్కారులను నిజాము కుంపిణీకి వదలెను. కుంపిణీ ఏటేట 9 లక్షల రూపాయలు చెల్లించుటకును, అవసరమైనప్పుడు సైన్యసహాయము చేయుటకును ఒప్పుకొనెను. తరువాత ఆ మొత్తము 7 లక్షలకు తగ్గెను. ఇందు పాఠకులు గమనింపవలసినది డబ్బు నడచిన దిక్కు. ఆనాడు చెల్లించువాడు ఆంగ్లేయుడు, పుచ్చుకొనువాడు నిజాము. తరువాతి అరువది యేండ్ల కథ అంతయు ఆ ప్రవాహము ఎట్లు వెనుకకు తిరిగినదను కథయే.

1795 మార్చిలో ఖర్దాయొద్ద మహారాష్ట్రులు నిజామును ఓడించిరి. మిత్రులనిపించుకొనిన ఆంగ్లేయులు, సర్ జాన్ షోరు గవర్నరు జనరలుగా నుండి, తటస్థులై చూచుచుండిరి. మనసు విరిగిన నిజాము రేమాండు అను ఫ్రెంచివాని చేతిక్రింద సేనను పెంచుకొనెను. వెల్లస్లీ వచ్చిన పిమ్మట పరిస్థితి మారినది. 1798 సెప్టెంబరు 1వ తేదీని జరిగిన సంధిచే ఆంగ్ల పటాలములు ఆరు హైదరాబాదులో నిలిచెను; వాని ఖర్చునకై ఏటేట 24,17,100 రూపాయలు నిజాము చెల్లింపవలెను; ఫ్రెంచి సేనను తీసివేయవలెను. ఇది మన పట్టికలోని పరిక్రయము. ఖర్దాలో రానివాడు ఇప్పుడు వచ్చెను. వచ్చి మరల పోలేదు.

రెండేండ్లకు, 1800 అక్టోబరులో, ఉచ్ఛిన్నము జరిగినది. సేనలను పెంచి, వాని జీతమునకు రొక్కము బదులు భూమినే పుచ్చుకొనిరి. మైసూరు యుద్ధములలో నిజాము వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురము, కడప మండలములును, కర్నూలు సీమపై హక్కులును ఇట్లు చేతులు మారినవి. ఆ సంధిపత్రమునకు శాశ్వతమైన సర్వసామాన్య రక్షణ మైత్రి యని నామకరణము. ఒకరి మిత్రులు ఇద్దరికిని మిత్రులనియు, ఒకరి శత్రువులు ఇద్దరికిని శత్రువులనియు దాని ఆరంభము. చదువుటకు రామసుగ్రీవుల సఖ్యమువలె నుండును. కాని లోనికి పోయినకొలది వాక్యములు బిగిసివచ్చును. కుంపిణీకి తెలుపక, దానితో ఆలోచింపక నిజాము ఏ యితర రాజ్యముతోను సంప్రతింపులు జరుపరాదు. దానికి ప్రతిగా, నిజాము పిల్లలు, బంధువులు, సేవకులు, ప్రజలు అను వారి విషయమున కుంపిణీకి ఏ జోక్యమును లేదనియు, వారిపై ఆయన సర్వాధికారి యనియు ఆ పత్రము ఒప్పుకొన్నది. పన్ను చెల్లింపక తిరుగబడువారిపై, షోరాపురము గద్వాల జమీందారుల వంటివారిపై, ఆ సేననే నడిపింపవచ్చునని మరియొక నిబంధన.

ఈ మూడు వాక్యములను కలిపి చదివిన సంధి యొక్క ప్రాణము దొరకును. బయటి లోకముతో మాటలాడు స్వాతంత్ర్యము పోయినది; తన ప్రజలను శాసించు స్వాతంత్ర్యము మాత్రము పూర్తిగా మిగిలినది; దానిని నిలుపుటకు పరాయి తుపాకి దొరికినది. ఉపగ్రహ రాజ్యమునకు ఇంతకంటె చిక్కని లక్షణము నాకు తెలియదు. పైవానిముందు వంగిన శిరస్సు క్రిందివారిముందు మరింత నిక్కి నిలుచును. సంధిలో రాజు పొందినది రక్షణయే. అయితే శత్రువునుండి ఎంతయో, తన జనమునుండియు అంతే.

ఈ మాట నేను కల్పించినది కాదు. దత్తమండలములను 1800 నుండి 1807 వరకు పాలించిన థామస్ మన్రోయే 1817లో గవర్నరు జనరలు హేస్టింగ్సునకు వ్రాసిన లేఖలో దీనిని వివరించెను. ఈ పద్ధతిలో చిక్కిన రాజ్యములలో పరిపాలన క్షీణించుననియు, పెద్దల ఆత్మగౌరవము అడుగంటుననియు, ప్రజలు దరిద్రులగుదురనియు ఆయన యభిప్రాయము. దుష్టపాలనకు మందు సాధారణముగా అంతఃపురములోని మార్పో, ప్రజల తిరుగుబాటో, పరరాజు దండయాత్రయో యగును. ఆంగ్ల సేన రాజునకు కాపుండుటచే ఈ మూడు మందులును దొరకకుండ పోవునని ఆయన వాదము. ఆ పద్ధతివలన తనకు దొరికిన సీమనే పాలించి పేరుపొందినవాడు ఈ మాట చెప్పుట గమనింపదగినది. మన్రోకు తెలియక కాదు. తెలిసియు పద్ధతి ఆగలేదు. ఒక్క యధికారి యొక్క సద్బుద్ధి సంధిపత్రములోని వాక్యమును మార్చజాలదు.

ఇక అప్పుల పర్వము. 1800 నాటి సంధిలో యుద్ధము వచ్చినప్పుడు నిజాము 6,000 కాల్బలమును 9,000 గుర్రపుదళమును పంపవలెనని యుండెను. 'యుద్ధము వచ్చినప్పుడు' అను ఆ చిన్న మాటను క్రమముగా అందరు మరచిరి. రెసిడెంటు రసెల్ కాలమున ఆంగ్లాధికారుల క్రింద, నిజాము ఖర్చుతో, శాంతికాలమునందును నిలుచునట్టి ప్రత్యేక సేన యొకటి యేర్పడెను. అదియే తరువాత హైదరాబాదు కంటింజెంటు. దాని జీతములకై పామరు కంపెనీ యను వడ్డీవ్యాపారులు సాలుకు నూటికి పాతికకు చేరువైన వడ్డీకి అప్పులిచ్చిరి. 1820లో రెసిడెంటుగా వచ్చిన మెట్కాఫ్ ఈ వ్యవహారమును బయటపెట్టెను. ఆ బాకీ తీర్చుటకు 1823లో ఏమి చేసిరి? ఉత్తర సర్కారులకై కుంపిణీ ఏటేట చెల్లించు పేష్కషును 1,16,66,666 రూపాయల యొక్కసారి చెల్లింపుతో శాశ్వతముగా రద్దుపరచిరి. గోదావరి కృష్ణా మండలముల పేర నిజామునకు వచ్చుచుండిన ఆఖరి కాసు ఇట్లు వడ్డీ క్రింద పోయినది. డబ్బు ప్రవాహము పూర్తిగా వెనుకకు తిరిగినది.

1853 మేలో డల్హౌసీ కాలమున కంటింజెంటు బాకీల క్రింద బేరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును పుచ్చుకొనిరి. 1860లో తక్కినవి తిరిగి యిచ్చి బేరారును ఉంచుకొనిరి. సార్వభౌమత్వము నిజాముది, పాలన ఆంగ్లేయులది, ప్రత్తి పండు ఆ నల్లరేగడి మీది రాబడి వారి లెక్కలో చేరి, ఖర్చులు పోగా మిగిలినది మాత్రము నిజామునకు. ఆ గృధ్రము దీనిని చూచిన క్షణమైన తడబడక పరభూషణమని చెప్పియుండును. సాలార్ జంగు తన జీవితములో చాలభాగము బేరారును మరల రాబట్టుటకై పాటుపడి, అది నెరవేరకయే 1883లో గతించెను. 1902లో కర్జను దానిని ఏటికి 25 లక్షలకు శాశ్వతపు కౌలుగా వ్రాయించుకొనెను.

ఈ పత్రములలో తుదిది నా దృష్టిలో అన్నిటికంటె గొప్ప సాహిత్యఖండము. మొదటి ప్రపంచయుద్ధమున చేసిన ధనసైన్య సహాయమునకు మెచ్చి 1918లో ఉస్మాన్ అలీఖానుకు బ్రిటిషు ప్రభుత్వమునకు 'విశ్వాసపాత్రుడైన మిత్రుడు' అను బిరుదము నిచ్చిరి. ఆయన ఆ బిరుదమును అక్షరార్థమున గ్రహించెను. మిత్రుడనగా సమానుడు గదా యని, బేరారును తిరిగి యిమ్మని యడిగి, ఆంతరంగిక విషయములలో తానును బ్రిటిషు ప్రభుత్వమును సమస్థానములవారమని వాదించెను. 1926 మార్చిలో వైస్రాయి రీడింగు ప్రత్యుత్తరమిచ్చెను. బ్రిటిషు కిరీటము భారతదేశమున సర్వాధికమనియు, ఏ సంస్థానాధిపతియు దానితో సమానుడై సంప్రతింపజాలడనియు, ఈ ఆధిక్యము సంధులనుండి మాత్రమే పుట్టినది కాక వానితో నిమిత్తము లేకయే యున్నదనియు దాని సారాంశము. అనగా నూటయరువది యేండ్లు వాక్యము వాక్యముగా వ్రాసి, చదివి, సంతకములు చేసిన ఆ సంధిపత్రములు అవసరమే లేదని పై చేయి చెప్పినది. సంధికార్యమున పూర్వపరస్వరములు రెంటికిని పరస్వరమొక్కటే నిలుచునని మేము పిల్లలకు చెప్పుదుము. హైదరాబాదు సంధికార్యము 1926 నాటికి అట్లు ముగిసినది.

ఇచ్చట న్యాయబుద్ధిగల పాఠకులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. "నిజాము మరేమి చేయగలవాడు? ఒకవైపు మహారాష్ట్రులు, ఒకవైపు టిప్పు. టిప్పు పోరాడి 1799లో శ్రీరంగపట్టణమున ప్రాణములే కోల్పోయెను. నిజాము వంగి నిలిచెను. ఆయన వంశము 1948 వరకు సింహాసనముపై నుండెను గదా?" ఈ ఆక్షేపణలో బలము కలదు. దుర్బలునికి వీరధర్మము బోధించుట దూరముననున్న వానికి సులభము. నేను నిజామును పిరికివాడని నిందింపను. నా ప్రశ్న వేరు. ఉపగ్రహ సంధి యొక్క నిర్వచనమును మరల చూడుడు: ప్రాణరక్షణకై సర్వదానము. ఎవరి ప్రాణము? ఎవరి సర్వము? కాపాడబడిన ప్రాణము సింహాసనముది. ఇయ్యబడిన సర్వము కడప రైతు పొలము, అనంతపురపు చెరువు, బేరారు ప్రత్తిచేను. దానము చేసినవాడొకడు, దత్తమైనవారు వేరొకరు. చిన్న రాజ్యము పెద్ద రాజ్యమునకు లోబడినదని మనము ఏకవచనమున వ్రాయుట వలన ఈ భేదము మరుగుపడుచున్నది. లోబడు రాజ్యమున ఇద్దరున్నారు; సంధిచే బ్రతుకువాడు, సంధికి వెల యగువాడు.

ఇది రాచరికపు కాలమునాటి జాడ్యమనియు, ప్రజల పేర నడచు రాజ్యములలో నుండదనియు అనుకొందుమేమో. ఆ బాలిక పాఠములోని తూర్పు ఐరోపాకే పోయి చూతము. 1968లో చెకోస్లొవేకియాలో డూబ్చెక్ నాయకత్వమున పత్రికలకు స్వేచ్ఛ నిచ్చుట మొదలైన సంస్కరణలు జరుగుచుండెను. ఆగస్టు 20వ తేదీ రాత్రి సోవియట్ యూనియనును, దానితోగూడిన వార్సా ఒప్పందపు రాజ్యములును సేనలతో ప్రవేశించెను. దానికి వారు పెట్టిన పేరు సోదర సహాయము. దేశములోని నాయకులే తమను పిలిచిరని చెప్పిరి. పిలుపు నిజమే, అయిదుగురు నాయకులు రహస్యముగా సంతకము చేసిన యొక లేఖ కలదు. దానిని 1992లో రష్యా అధ్యక్షుడు యెల్సిను చెకోస్లొవేకియా అధ్యక్షుడు హావెలుకు అందజేసెను. ఆ లేఖ వ్రాయబడిన భాష చెకు కాదు, స్లొవాకు కాదు, రష్యను. రక్షింపుమను ప్రార్థనను సైతము రక్షకుని భాషలోనే వ్రాయవలసివచ్చినది!

డూబ్చెక్ మొదలైనవారిని మాస్కోకు గొనిపోయి ఆగస్టు 26న ఒక ఒడంబడికపై సంతకములు చేయించిరి. అందు సంతకము చేయనివాడు ఫ్రాంటిషెక్ క్రీగెల్ అను వైద్యుడొక్కడే. అక్టోబరు 18న సోవియట్ సేనల 'తాత్కాలిక నివాసము'నకు అనుమతినిచ్చు సంధి ప్రాగ్ శాసనసభ ముందుకు వచ్చినప్పుడు, అంత పెద్ద సభలో వ్యతిరేకముగా చేయి యెత్తినవారు నలుగురు. వారిలో క్రీగెల్ ఒకడు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు, గెర్ట్రూడా సెకానినోవా, బొజెనా ఫుకోవా. తాత్కాలిక నివాసము 1991 జూను వరకు సాగినది. 1800 నాటి 'యుద్ధము వచ్చినప్పుడు' అను మాట శాశ్వతమైనట్లే, 1968 నాటి 'తాత్కాలికము' అను మాట ఇరువది రెండేండ్లు దాటినది. కుంపిణీ మిత్రుడనినది, సోవియట్ నాయకులు సోదరుడనిరి. సిద్ధాంతములు వేరు, శైలి యొక్కటే. ఆ బాలిక ప్రశ్నకు ఆ నలుగురి చేతులు సమాధానము. చంద్రుడు వద్దనజాలడు, మనుష్యుడు వద్దనగలడు. వద్దనిన మాత్రాన సేన పోకపోవచ్చును. కాని అది ఆకర్షణశక్తి కాదని, ఒకరు చేయుచున్న పని యని లోకమునకు తెలియును.

ఇంతవరకు పరుల పత్రములను విమర్శించితిని. మన పట్టికను విడిచిపెట్టుట న్యాయము కాదు. ఆ పదునారింటిలో సంతానసంధి యనునది యొకటి కలదు. కూతును పెండ్లిచేసి యిచ్చి కుదుర్చుకొను సంధి. భూమి, బంగారము, పంట, కూతురు, అన్నియు ఒకే వరుసలో నున్నవి. వెలను దాచకుండ చెప్పినందుకు మన శాస్త్రకారులను మెచ్చుకొంటిని. కాని ఆ వెలగా పోవువారిని ఒక్కమాట యడుగవలెనని వారికిని తోచలేదు. రాజ్యమునకు జనపదమొక అంగమని చెప్పిరి గాని, ఆ యంగమునకు నోరున్నదని చెప్పలేదు. మన ఇండ్లలో ఈనాటికిని ఈ సంధిభాష వినబడుచునే యున్నది. "నీ మేలు కోరియే" అని పిల్ల చదువు మాన్పించిన తండ్రియు, "నీకు రక్షణ యుండవలెనని" ఇష్టములేని సంబంధము కుదిర్చిన పెద్దలును ఒక్కసారి తమ వాక్యములను కారకములు విడదీసి చూచుకొనవలెను. రక్షించువాడు బయటి లోకముతో మాటలాడవద్దనుచున్నాడా? రక్షింపబడువారి ఖర్చుతోనే రక్షణ నడచుచున్నదా? ఆ రక్షణ అక్కరలేదనుటకు దారి కలదా? మొదటి రెంటికి అవుననియు, మూడవదానికి లేదనియు సమాధానము వచ్చినచో, అది మైత్రి కాదు. ఇల్లైనను రాజ్యమైనను అది ఉపగ్రహ సంధియే.

హితోపదేశపు కథ ఉపగ్రహ సంధితో ముగియలేదని కూడ చెప్పవలెను. హంసరాజును మయూరరాజును తుదకు చేసికొనినది కాంచనసంధి. సత్పురుషుల నడుమ సత్యమును, సమానమైన ప్రయోజనమును ఆధారముగా చేసికొని, కలిమిలో లేమిలో చెడక నిలుచునది గనుక దానికి బంగారు సంధి యని పేరు. గెలిచిన మయూరరాజు మంత్రియే దానిని ఒప్పుకొనుట విశేషము. బలవంతుడు తన బలమునకు తానే హద్దు గీచుకొననిది ఆ సంధి పుట్టదు. చరిత్రలో అది అరుదు. అరుదగుటచేతనే దానికి బంగారమని పేరు పెట్టిరేమో.

అంతవరకు దుర్బలులు చేయగల పని ఏదైన కలదా? 1800లో చేతులు మారిన మన సీమను ఆంగ్లేయులు తమ లెక్కలలో 'సీడెడ్ జిల్లాలు' అని వ్రాసికొనిరి; మనవారు దానిని 'దత్తమండలములు' అని తెనిగించుకొని నూరేండ్లకు పైగా ఆ పేరనే తమ్ము తాము పిలుచుకొనిరి. ఇయ్యబడినవారము మేము అని ప్రతి ఉత్తరముమీద వ్రాసికొనుట యన్నమాట. 1928 నవంబరులో నంద్యాలలో పెద్దలు సమావేశమైనప్పుడు ఆ పేరు తమకు వలదనిరి. చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' అను పేరును స్వీకరించిరి. ఆ తీర్మానముతో ఒక్క సెంటు భూమి చేతులు మారలేదు, ఒక్క పటాలము కదలలేదు. కాని కర్మకారకమై పడియున్న యొక జనము తన వాక్యములో తాను కర్త యగుటకు మొదటి మాట అదియే. ప్రాగ్ నగరమున సేనలు వచ్చిన దినములలో ప్రజలు వీధుల పేరు పలకలను తీసివేసిరి. వచ్చినవానికి దారి తెలియరాదని. నంద్యాలలో మనవారు చేసినదియు అటువంటిదే. పరులు వ్రాసిన పలకను తీసి తమదానిని పెట్టిరి.

మిత్రుడు సెలవు ముగించుకొని వచ్చినాడు. ఆ తరగతి ఇక నాది కాదు. అయినను మొన్న విరామకాలమున ఆ బాలికను పిలిచి, ఉపగ్రహము అను మాటకు మన పుస్తకములలో నున్న రెండవ యర్థమును చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే అన్నీ ఇచ్చేసింది ఎవరో వాళ్ల పేరు కూడా రాయాలి కదండీ" అనినది. సంధిపత్రములను చదువు విధానమును గూర్చి నేను ఇన్ని పుటలలో చెప్పదలచినది ఆమె ఒక్క వాక్యమున చెప్పినది. ఇకమీదట పత్రికలలో ఏ రెండు రాజ్యముల మైత్రిని గూర్చి చదివినను, ఏ పెద్ద రాజ్యము ఏ చిన్నదానికి అభయమిచ్చినదని విన్నను, ఆ అభయమునకు వెల చెల్లించువారి పేరు ఆ వార్తలో నున్నదా యని మన ఇండ్లలో పిల్లలకు వెదకి చూపుట మంచి యభ్యాసము.